నిమిషం దగ్గర అతుకు: ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ ఏ మిక్స్ కొనాలి?

బీటిల్స్ పాట ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ పెట్టి, ప్లేయర్ కౌంటర్ 0:55కి రాగానే వాల్యూమ్ కాస్త పెంచండి. రెండో పల్లవి మొదలవుతోంది. జాన్ లెనన్ గొంతు ‘గోయింగ్ టు’ అన్న మాట దగ్గరికి, అంటే సరిగ్గా నిమిషం దగ్గరికి వచ్చేసరికి పాట కింద నేల మారిపోతుంది. అప్పటిదాకా వినిపించింది మెలోట్రాన్ (టేపు మీది శబ్దాలు పలికించే కీబోర్డు), గిటారు, పలచటి డ్రమ్స్. ఆ మాట దగ్గర్నుంచి చెల్లోలు (పెద్ద వయొలిన్ లాంటి వాద్యాలు), ట్రంపెట్లు, బరువైన దరువు, గొంతులో అంతకుముందు లేని ఒక మత్తు. వేరే రోజుల్లో, వేరే శ్రుతుల్లో, వేరే వేగాల్లో తయారైన రెండు రికార్డింగులని అక్కడ కోసి అతికించారు. ఇది బీటిల్స్ చేసిన అన్నిటికన్నా గొప్ప పాటా, లేక స్టూడియో గారడీయా? మొదటి టేకే (మొదట రికార్డు చేసిన రూపమే) బాగుందా? మోనోలో (అంతా ఒకే ఛానెల్లో) వినాలా, స్టీరియోలోనా (ఎడమ, కుడి రెండు ఛానెళ్లలో)? అభిమానులు యాభై ఏళ్లకు పైగా చేస్తున్న ఈ వాదనలన్నీ ఎటు తిరిగినా ఈ అతుకు దగ్గరికే వస్తాయి.

కొనేవాళ్లకి అసలు చిక్కు ఏమిటంటే, ఇప్పుడు ఇదే పేరుతో కనీసం నాలుగు మిక్సులు (రికార్డు చేసిన శబ్దాలని కలిపి తూచిన రూపాలు), విడిగా నాలుగైదు టేకులు దొరుకుతున్నాయి. అట్ట మీద పేరు ఒకటే, లోపల పాట ఒకటి కాదు. తీర్పు ముందే చెప్పేస్తే: మొదట కొనాల్సింది మోనో. రెండోది బీటిల్స్ ఆల్బమ్ ‘సార్జెంట్ పెప్పర్’కి 2017లో వచ్చిన రెండు సీడీల ఎడిషన్. మిగతావి మోజు ముదిరాక చూసుకోవచ్చు. ఎందుకో చెప్పాలంటే పాట ఎలా తయారైందో కొంచెం తెలియాలి.

1966 శరదృతువులో స్పెయిన్‌లోని అల్మేరియాలో ఒక సినిమా షూటింగులో ఉన్నప్పుడు లెనన్ ఈ పాట కట్టాడు. పేరు లివర్‌పూల్‌లోని వూల్టన్‌లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ నడిపిన పిల్లల హోమ్‌ది. హోమ్ పేరు ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్’. బహువచనం లెనన్ తగిలించింది. నవంబర్ 24న లండన్ అబ్బీ రోడ్‌లోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో టేక్ 1 పూర్తయింది. అందులో పాట పల్లవితో కాకుండా చరణంతో మొదలవుతుంది. వెనక గొంతులు కలిపి పాడిన హార్మొనీ ఉంది, అది తర్వాతి రూపాల్లో మాయమైంది. నవంబర్ 28, 29 తేదీల్లో పాటని తిరగేశారు: మెలోట్రాన్ ఎత్తుగడ ముందుకొచ్చింది, దాని వెంటనే పల్లవి. అదే చివరికి టేక్ 7. అక్కడితో అయిపోయిందనే అనుకున్నారు. లెనన్‌కి మాత్రం తృప్తి కలగలేదు, ఇంకా బరువుగా కావాలన్నాడు. డిసెంబర్ 8న కొత్తగా, వేగంగా, డ్రమ్స్ దట్టంగా మళ్లీ మొదలుపెట్టారు. నిర్మాత జార్జ్ మార్టిన్ నాలుగు ట్రంపెట్లకీ మూడు చెల్లోలకీ స్వరాలు రాశాడు, 15న వాటిని రికార్డు చేశారు. అది టేక్ 26. తీరా చూస్తే లెనన్‌కి రెండూ నచ్చాయి: దీని మొదలు, దాని చివర కలపమన్నాడు. మార్టిన్, ఇంజినీర్ జెఫ్ ఎమెరిక్ డిసెంబర్ 22న ఆ పని చేశారు.

టేక్ నంబర్లు చూసి మోసపోవద్దు. టేక్ 7 అంటే ఏడోసారి వాయించినది కాదు. అప్పుడు అక్కడున్నది అంగుళం వెడల్పు టేపు మీద నడిచే స్టూడర్ జె37 నాలుగు ట్రాకుల (టేపు మీద విడివిడి శబ్ద వరసల) యంత్రం. నాలుగు ట్రాకులూ నిండిపోతే వాటిని కలిపి వేరే టేపు మీద ఒకటి రెండు ట్రాకుల్లోకి కుదించి, మిగిలిన ట్రాకుల్లో కొత్త వాయిద్యాలు ఎక్కించేవారు. అలా కుదించిన ప్రతిసారీ కొత్త నంబరు పడుతుంది. టేక్ 6ని కుదిస్తే వచ్చింది టేక్ 7. టేక్ 26 కూడా అలా పుట్టిందే. కుదింపుకి రెండు నష్టాలున్నాయి. టేపు రొద ఒక పొర పెరుగుతుంది. ఒకసారి కలిపేసిన వాయిద్యాలని ఆ టేపు నుంచి మళ్లీ విడదీయలేరు. కొత్త రీమిక్సులు వచ్చినప్పుడల్లా ‘కుదించక ముందటి టేపుల దాకా వెనక్కి వెళ్లారా?’ అని అభిమానులు అడిగేది ఇందుకే.

ఇక అతుకు సంగతి. టేపు నెమ్మదిగా తిప్పితే పాట నెమ్మదిస్తుంది, శ్రుతి కూడా దిగుతుంది. ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని మార్చడం ఆ యంత్రాలతో కుదిరే పని కాదు. లెక్క సూటిగా ఉంటుంది: వేగం 5.6 శాతం తగ్గితే శ్రుతి అర స్వరం దిగుతుంది, 10.9 శాతం తగ్గితే ఒక పూర్తి స్వరం. టేక్ 7 నెమ్మది పాట, శ్రుతి కింద. టేక్ 26 జోరు పాట, శ్రుతి పైన. అదృష్టం అంతా ఇందులోనే ఉంది. జోరుగా ఉన్నదాన్ని తగ్గిస్తే శ్రుతి కూడా కావలసిన దిక్కుకే దిగింది, మొదటిదాన్ని కాస్త పెంచితే చాలింది. అదే జోరు పాట కింది శ్రుతిలో ఉండి ఉంటే, వేగం కలిపే కొద్దీ శ్రుతులు ఇంకా దూరమయ్యేవి. ఎంత గొప్ప ఇంజినీరైనా చేతులెత్తేయాల్సిందే. ఇది గారడీయే అనేవాళ్లు ఈ అదృష్టాన్ని చూపిస్తారు. వాళ్ల మాటలో నిజముంది. కాని ఎక్కడ కొయ్యాలో ఎంచుకున్నది అదృష్టం కాదు. పల్లవి మధ్యలో, మాటకీ మాటకీ నడుమ, సరిగ్గా గిటారు కార్డు మారబోయే చోట కోశారు. చెవి ఎలాగూ అక్కడ ఒక మార్పు కోసం ఎదురుచూస్తుంటుంది కాబట్టి వచ్చిన మార్పుని దాని ఖాతాలోనే వేసేసుకుంటుంది.

టేపుని నిలువుగా కొయ్యరు, ఏటవాలుగా కోస్తారు. పావు అంగుళం టేపు సెకనుకి 15 అంగుళాల వేగంతో నడుస్తుంటే, 45 డిగ్రీల కోత దగ్గర ఒక శబ్దం తగ్గుతూ ఇంకోటి పెరిగే వ్యవధి దాదాపు 17 మిల్లీసెకన్లు. కోత ఇంకా వాలుగా ఉంటే ఆ వ్యవధి పెరుగుతుంది. మోనోలో ఇది మెత్తగా జారిపోతుంది. స్టీరియో టేపులో రెండు ఛానెళ్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి కాబట్టి ఏటవాలు కోత వేస్తే ఒకటి వెంట్రుకవాసి ముందు, రెండోది వెనక మారుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది వేరే ఉంది. రెండు రికార్డింగుల్లో వాయిద్యాలు ఎడమకీ కుడికీ పరుచుకున్న తీరు వేరు. నిమిషం దగ్గర గది సర్దుబాటు అంతా ఒక్కసారిగా మారినట్టు ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో అయితే దాచడానికి చోటే లేదు.

మోనోని ముందు పెట్టడానికి అదే మొదటి కారణం. రెండోది కాలానికి సంబంధించింది. అప్పట్లో బ్రిటన్‌లో సింగిల్స్ మోనోలోనే వచ్చేవి. బీటిల్స్ బ్రిటన్‌లో స్టీరియో సింగిల్ వేసింది 1969లోనే. అంటే 1967 ఫిబ్రవరి 17న బీటిల్స్‌దే ఇంకో పాట ‘పెన్నీ లేన్’తో కలిసి పార్లోఫోన్ కంపెనీ రికార్డు ఆర్ 5570గా కొట్లోకి వచ్చిన పాట మోనోయే. స్టీరియో మిక్స్‌ని మోనో అతుకు వేసిన వారానికి, 1966 డిసెంబర్ 29న చేశారు. మోనోలో ట్రంపెట్లు, చెల్లోలు, డ్రమ్స్ అన్నీ ఒకే ఇరుకు వాకిట్లోంచి తోసుకుంటూ వస్తాయి. లెనన్ అడిగిన బరువు ఆ తోపులాటలోనే ఉంది. వాయిద్యాలని విడివిడిగా పరిచి చూపిస్తే వివరం పెరుగుతుంది, బరువు తగ్గుతుంది.

మోనో కావాలంటే మూడు దారులున్నాయి. 2009 సెప్టెంబర్‌లో వచ్చిన ‘ది బీటిల్స్ ఇన్ మోనో’ సీడీల పెట్టెలో ఈ పాట ఉన్న ‘మ్యాజికల్ మిస్టరీ టూర్’ డిస్క్ ఒకటి. 2014లో అదే పేరుతో వచ్చిన ఎల్పీలు రెండోది. వీటిని అనలాగ్ టేపుల నుంచి నేరుగా రికార్డు మీదికి చెక్కారు, మధ్యలో డిజిటల్ మెట్టు లేదు. మూడోది 2017 నాటి ‘సార్జెంట్ పెప్పర్’ పెద్ద పెట్టె. అందులో నాలుగో సీడీ మోనోది, ఈ పాట అసలు మోనో మిక్స్ అక్కడ ఉంది. రెండు సీడీల చిన్న ఎడిషన్‌లో అది లేదు. పేరు ఒకటే కదా అని కొని తర్వాత తిట్టుకునేవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే.

1967 నాటి అసలు 45నే (నిమిషానికి 45 చుట్లు తిరిగే సింగిల్ రికార్డునే) కావాలని పట్టుబట్టేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు. ఏడంగుళాల రికార్డుకి ఒక వైపు నాలుగు నిమిషాలు దాటిన పాట అంటే బరువే. గాడులు (ముల్లు నడిచే గీతలు) దగ్గరదగ్గరగా కొయ్యాలి, కాబట్టి శబ్దం మట్టం కొంచెం తక్కువ పెట్టాలి. పాట చివరి భాగం లేబుల్‌కి దగ్గరగా పడుతుంది. లోపలి గాడిలో ముల్లు కింద నడిచే దూరం తక్కువ, అలలు కుదించుకుపోతాయి, ట్రంపెట్ లాంటి పదునైన శబ్దం బొంగురుపోతుంది. ఈ పాటలో ట్రంపెట్లు ఉన్నది సరిగ్గా ఆ చివరి భాగంలోనే. కాబట్టి పాత కాపీ కొనేముందు మొదటి నిమిషం విని మురిసిపోవద్దు, ముల్లు చివరి నిమిషం మీద పెట్టించండి. అక్కడ గరగర లేకపోతే మిగతాదంతా బాగున్నట్టే. ట్రంపెట్లు రేకు డబ్బాలో మోగినట్టు ఉంటే అది చాలాసార్లు బరువైన పాత ముల్లు చేసిన గాయం, కడిగితే పోదు. దుమ్ము చిటపటలు కడిగితే పోతాయి. ఈ రెంటికీ తేడా తెలిస్తే చాలు, సగం మోసాలు తప్పుతాయి.

ముల్లు విషయం. ఆ కాలపు మోనో గాడికి 25 మైక్రాన్ల గుండ్రటి ముల్లు సరిపోతుంది. స్టీరియో ముల్లు 18 మైక్రాన్లు, గాడిలో కాస్త కిందికి దిగుతుంది. రికార్డు పైభాగం అరిగి ఉంటే ఆ కింది భాగం తాజాగా దొరికి మంచిదే కావచ్చు; అడుగున మురికి ఉంటే రొద పెరుగుతుంది. రెండూ వేసి చూడటమే మార్గం. స్టీరియో కార్ట్రిడ్జ్‌తో మోనో రికార్డు వినేటప్పుడు ఆంప్లిఫయర్‌లో మోనో బటన్ నొక్కండి. పైకీ కిందికీ కదిలే ముల్లు పట్టే రొద రెండు ఛానెళ్లలో ఎదురెదురుగా ఉంటుంది, కలిపితే చాలావరకు కొట్టుకుపోతుంది. అసలు పాట గాడిలో పక్కలకి మాత్రమే ఉంటుంది కాబట్టి దానికేమీ కాదు. అమెరికా కాపీకి మధ్యలో పెద్ద కన్నం ఉంటుంది, అంగుళంన్నర. అడాప్టర్ లేకపోతే తిరగదు. బ్రిటన్ కాపీకి బొమ్మల అట్ట ఉంటే చూసుకోండి. బీటిల్స్ బ్రిటన్ సింగిల్స్‌లో బొమ్మల అట్టతో వచ్చింది ఇదే మొదటిది, వెనక వైపు నలుగురి చిన్ననాటి ఫొటోలు. అట్ట ధర పెంచుతుందే తప్ప పాటని మార్చదు.

ఇంకో హెచ్చరిక. టర్న్‌టేబుల్ వేగం సరిచూసుకోవడానికి ఈ పాటని వాడొద్దు. వేగాలు మార్చి అతికించినది కాబట్టి దీని శ్రుతి పియానోలో ఏ మెట్టుకీ సరిగ్గా కూర్చోదు. సుమారుగా బి ఫ్లాట్ అనుకోవచ్చు, నిజానికి ఎ కీ బి ఫ్లాట్‌కీ మధ్య ఎక్కడో ఊగుతుంది. ట్యూనర్ పెట్టి చూసి ‘ప్లేయర్ నెమ్మదిగా తిరుగుతోంది’ అని మోటారు విప్పేసేవాళ్లుంటారు. స్ట్రోబ్ డిస్క్ (వేగం సరిచూసే గీతల పళ్లెం) వేసి 45 సరిచూడండి, ఆ తర్వాత పాటని నమ్మండి. వెంట గిటారు వాయించాలంటే కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) మొదటి ఫ్రెట్‌లో పెట్టి ఎ ఆకారంతో మొదలుపెట్టండి; పల్లవిలో ఆ తర్వాత ఇ మైనర్, ఎఫ్ షార్ప్ సెవెన్, డి ఆకారాలు వస్తాయి. కాపో పెట్టాక తీగలన్నీ కొద్దికొద్దిగా దించుతూ రికార్డుతో కలపాలి. ఆ ఇ మైనర్ దగ్గరే పాట మొహం మారుతుంది. ఈ శ్రుతిలో సహజంగా రావలసింది మేజర్. అది మైనర్ కావడంతో కాలు పెట్టిన మెట్టు ఒక అంగుళం కిందికి ఉన్నట్టు అనిపిస్తుంది. అతుకు పడింది కూడా ఆ కార్డు ముంగిట్లోనే.

స్టీరియోలు మూడు. 1966 డిసెంబర్‌ది మొదటిది, 1967 నవంబర్‌లో అమెరికాలో వచ్చిన ‘మ్యాజికల్ మిస్టరీ టూర్’ ఎల్పీలో ఉన్నది అదే. అతుకు బాగా తేలేది ఇందులోనే. పాట ఎలా కుట్టారో చూడాలనే కుతూహలం ఉన్నవాళ్లకి ఇది పాఠ్యపుస్తకం, హాయిగా వినాలనేవాళ్లకి కాదు. రెండోది 1971లో జర్మనీ ఎల్పీ కోసం కొత్తగా చేసినది. 1987లో సీడీ వచ్చినప్పుడు దీన్నే తీసుకున్నారు, 2009 స్టీరియో రీమాస్టర్ కూడా ఆ వంశానిదే. కాబట్టి సీడీల కాలంలో పాట నేర్చుకున్నవాళ్లకి ‘అసలు’ అంటే ఇదే. మొదటి స్టీరియో కన్నా శుభ్రంగా ఉంటుంది, మోనో అంత దెబ్బ ఉండదు. వాళ్లకీ 45లతో పెరిగినవాళ్లకీ జరిగే గొడవలో సగం ఇద్దరూ వేర్వేరు మిక్సుల గురించి మాట్లాడుతున్నారని తెలియకపోవడం వల్లే.

మూడోది జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ చేసిన 2015 మిక్స్. ‘1+’ అనే బీటిల్స్ సంకలనం కోసం చేసినది, తర్వాత 2017 ‘సార్జెంట్ పెప్పర్’ ఎడిషన్లలోనూ 2023 నాటి ‘1967–1970’ సంకలనంలోనూ చేరింది. గొంతు నడిమికి వచ్చింది, డ్రమ్స్‌కి ఒళ్లు వచ్చింది, చెల్లోల మీద విల్లు గీసుకుంటున్న గరుకు స్పష్టంగా తెలుస్తుంది. ఈనాటి స్పీకర్ల మీద, కారులో, ఇదే నెగ్గుతుంది. మోనో పక్షం వాళ్లు దీన్ని తీసిపారేస్తారు, అది అన్యాయం. ఒకే ఒక్క ఫిర్యాదు న్యాయమైనది: ఈ పాటలో కొంత మసక కావాలి. టేపు వెనక్కి తిప్పి ఎక్కించిన సింబళ్లు (డ్రమ్స్‌తో మోగించే లోహపు పళ్లేలు) చరణాల్లో ఊపిరి వెనక్కి పీల్చుకున్నట్టు వినిపిస్తాయి కదా, వాటిని మోనోలో ఏమిటో తెలియకుండానే అనుభవిస్తాం. 2015 మిక్స్‌లో ‘ఓహో, సింబల్ తిరగేశారు’ అని తెలిసిపోతుంది.

వినేటప్పుడు పట్టుకోవలసినవి ఇంకా రెండు. ఎత్తుగడలోని వేణువులు వేణువులు కావు, పాల్ మెకార్ట్‌నీ వాయించిన మెలోట్రాన్. దాని ప్రతి మెట్టు కింద అసలైన వేణువు శబ్దం రికార్డు చేసిన ఒక టేపు ముక్క ఉంటుంది, మెట్టు నొక్కినంతసేపూ అది నడుస్తుంది, ఎనిమిది సెకన్లకి అయిపోతుంది. మెట్టు వదిలితే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ టేపు కొంచెం ఊగుతూ నడవడం వల్లే వేణువుల శ్రుతి వణుకుతుంది. శుభ్రమైన డిజిటల్ నమూనాతో ఈ ఎత్తుగడ వాయిస్తే ఎందుకు తేలిపోతుందని చాలామంది కీబోర్డు వాళ్లు తల పట్టుకుంటారు. లోపం వాళ్ల వేళ్లలో లేదు, ఆ వణుకు లేకపోవడంలో ఉంది. రెండోది జార్జ్ హ్యారిసన్ మీటిన స్వరమండల్. హిందుస్తానీ గాయకులు ఒళ్లో పెట్టుకుని మీటుకునే వాద్యమే. అతుకు దాటాక పల్లవి ముగిసి చరణంలోకి దిగేచోట జలజలమని జారుతుంది. పల్లవిలోంచి చరణంలోకి మెట్లు దిగకుండా జారుడుబల్ల మీద వచ్చినట్టు ఉండటానికి కారణం అదే. చిన్న ఫోన్ స్పీకర్లో ముందు పోయేది ట్రంపెట్లు కాదు, చెల్లోల అడుగు. పాట పలచనైపోయిందనిపిస్తే మిక్స్‌ని తిట్టకముందు స్పీకర్ని అనుమానించండి.

టేక్ 1 పక్షం గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే వాళ్లది చాదస్తం కాదు. 1996లో ‘ఆంథాలజీ 2’ సంకలనంలో ఆ టేక్ బయటికి వచ్చినప్పటి నుంచి ‘అంత అలంకారం అక్కరలేదు, పాట ఇక్కడే పూర్తయింది’ అనేవాళ్లు పెరిగారు. రెండున్నర నిమిషాల ప్రాంతంలో ముగిసిపోతుంది. గొంతు దగ్గరగా, బెరుకుగా ఉంటుంది. తన మాట ఎవరికైనా అర్థమవుతుందో లేదో అన్న సందేహం మీద రాసిన పాటకి ఆ బెరుకే సరైన గొంతు అని వాళ్ల వాదన. మాటల వరకు చూస్తే వాళ్లదే గెలుపు. కాని టేక్ 1లో పాట మొదలైన చోటే ముగుస్తుంది. అచ్చైన రూపంలో మాత్రం నిమిషం దగ్గర మనల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి లాక్కుపోతుంది, అదీ ‘వెళ్తున్నాను’ అనే మాట మీద. ఆ ప్రయాణం టేక్ 1లో లేదు. చిత్రమేమిటంటే లెనన్ ఓటు కూడా పూర్తిగా అచ్చైన రూపానికి లేదు. తర్వాతి రోజుల్లో మార్టిన్‌తో మాట్లాడుతూ తమ పాటలన్నీ మళ్లీ రికార్డు చేస్తే బాగుండునని, ముఖ్యంగా ఈ పాటని అని అన్నాడు.

‘పెన్నీ లేన్’ పక్షంతో వాదన ఇంత లోతుగా ఉండదు. ఒకే రికార్డుకి రెండు వైపులు, రెండూ లివర్‌పూల్ గురించే. అమెరికాలో ‘పెన్నీ లేన్’ మొదటి స్థానానికి వెళ్లింది, ఇది ఎనిమిదితో ఆగింది. బ్రిటన్‌లో రెండూ కలిసినా ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ ‘రిలీజ్ మీ’ వెనక రెండో స్థానమే. ఆ లెక్కలతో పాట గొప్పతనం తేల్చేవాళ్లని వాళ్ల మానాన వదిలేయడం మంచిది. ఈ రెండు పాటలనీ ‘సార్జెంట్ పెప్పర్’లో చేర్చకపోవడం తన వృత్తి జీవితంలోకెల్లా పెద్ద తప్పు అని జార్జ్ మార్టిన్ తర్వాత ఒప్పుకున్నాడు, ఆ ఎల్పీలో ఏ పాట తీసి దీన్ని పెట్టాలి అన్నది ఇంకో పూట వాదన.

పాట చివర గురించి కూడా రెండు ముక్కలు. మూడున్నర నిమిషాల ప్రాంతంలో పాట సద్దుమణిగి, దాదాపు నిశ్శబ్దమై, మళ్లీ పైకి లేస్తుంది. డ్రమ్స్, మెలోట్రాన్ దారితప్పినట్టు తిరుగుతాయి. చిట్టచివర లెనన్ గొణిగేది ‘క్రాన్‌బెర్రీ సాస్’. పాల్ చనిపోయాడన్న పుకారు వాళ్లకి అది వేరేలా వినిపించింది. ‘ఆంథాలజీ 2’లోని టేక్ 7 చివర వింటే ఆ గొడవ అర నిమిషంలో తీరిపోతుంది. అసలు జాగ్రత్త రికార్డు నుంచి కంప్యూటర్లోకి ఎక్కించుకునేవాళ్లకి. నిశ్శబ్దం చూసి పాటలని ముక్కలు చేసే ఆప్షన్ వేసి ఉంటే సాఫ్ట్‌వేర్ ఆ సద్దు దగ్గర పాట అయిపోయిందనుకుని తోకని ఇంకో ఫైలుగా కోసేస్తుంది. ఆ ఆప్షన్ తీసేసి చేత్తో గుర్తులు పెట్టండి. రొద తగ్గించే ఫిల్టర్ కూడా ఆ చోట మెలోట్రాన్ తోకని రొద అనుకుని మింగేస్తుంది. ‘లవ్’ పేరుతో 2006లో వచ్చిన రూపంలో ఈ చివరి భాగం స్థానంలో ఇతర బీటిల్స్ పాటల ముక్కలు పేర్చారు. సరదాగా ఉంటుంది, ఒకటి రెండుసార్లకి. దాన్ని పాటగా లెక్కపెట్టి కొనవద్దు.

ఇప్పుడు 2017 రెండు సీడీల ఎడిషన్‌కి రెండో స్థానం ఎందుకో. అందులో రెండో డిస్క్ చివరి భాగంలో టేక్ 7, టేక్ 26, 2015 మిక్స్ వరసగా ఉన్నాయి. టేక్ 1, టేక్ 4 కావాలంటే పెద్ద పెట్టె కొనాలి, ఈ ఒక్క పాట కోసమైతే అక్కర్లేదు. టేక్ 26ని మొదటిసారి వినేవాళ్లు ఉలిక్కిపడతారు. నెమ్మది చేయక ముందటి రూపం అది. లెనన్ గొంతు సన్నగా, హడావిడిగా, ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది. అచ్చైన పాట రెండో భాగంలో ఆ గొంతుకున్న మత్తు పాడటంలో రాలేదు, టేపు నెమ్మదించడంలో వచ్చింది.

ఈ రెండు టేకులతో అతుకుని ఇంట్లోనే వేసి చూడొచ్చు. కంప్యూటర్లో ఆడాసిటీ లాంటి ఏ ఆడియో ఎడిటర్ అయినా సరిపోతుంది. సీడీ నుంచి రెండు టేకులనీ, పోల్చుకోవడానికి 2015 మిక్స్‌నీ వేర్వేరు ట్రాకుల్లోకి తెచ్చుకోండి. టేక్ 26కి వేగమూ శ్రుతీ కలిపి మార్చే ఆప్షనే వాడాలి. శ్రుతి అలాగే ఉంచి వేగం మాత్రం మార్చేది వాడితే గొంతు సన్నగానే మిగిలి, పాట మీద దుమ్ము పోసినట్టు అవుతుంది. మైనస్ 6 శాతంతో మొదలుపెట్టి, అచ్చైన పాట రెండో భాగంతో పోలుస్తూ అర శాతం చొప్పున దించుకుంటూ రండి. మైనస్ 11 దాకా వెళ్లాల్సి రావచ్చు. ప్రతిసారీ అసలు ఫైలు నుంచే మొదలుపెట్టండి, మార్చినదాన్నే మళ్లీ మారిస్తే శాతాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. తర్వాత టేక్ 7ని అచ్చైన పాట మొదటి నిమిషంతో పోల్చి, అవసరమైతే కాస్త పెంచండి. ఇప్పుడు టేక్ 7ని రెండో పల్లవిలో ‘గోయింగ్’ ముందు కోసి, టేక్ 26ని అదే మాట దగ్గర కోసి ఎదురెదురుగా జరపండి. 15, 20 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరిగే కలయిక) ఇవ్వండి. టక్కుమంటే వ్యవధి పెంచండి, మాట రెండుసార్లు వినిపిస్తే తగ్గించండి. ముందు రెండు ఛానెళ్లనీ మోనోకి కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి విని చూడండి. మోనోలో సరిపోయిన అతుకే స్టీరియోలో పైకి లేచి నిలబడుతుంది.